హంతకుల గొప్పలు, బాధితుల సాక్ష్యం
ఇండోనేషియా నరమేధం మీద వచ్చిన రెండు డాక్యుమెంటరీల గురించి

హత్య చేసినవాడు ఆ సంగతి దాస్తాడనే నమ్మకం మీదే పోలీసు వ్యవస్థ, కోర్టులు, సాక్ష్యాల చట్టం నడుస్తున్నాయి. కాని నరమేధాల చరిత్ర చదివినవాళ్ళకు ఇంకోరకం హంతకులు తగుల్తారు. వాళ్ళు దేన్నీ దాచరు. ఎంతమందిని చంపిందీ, ఎట్లా చంపిందీ, ఏ వాగులో పడేసిందీ పెళ్ళి ముచ్చట్లు చెప్పినట్టు చెప్తారు. ఊళ్ళో పెద్దమనుషులుగా చలామణీ అవుతారు, ఎన్నికల్లో గెలుస్తారు. వాళ్ళు చంపినవాళ్ళ కుటుంబాలు ఆ పక్క వీధిలోనే నోరు మూసుకుని బతుకుతుంటాయి.

ఇటువంటి హంతకుల మీద గత నలభై ఏళ్ళలో కొన్ని ముఖ్యమైన డాక్యుమెంటరీ సినిమాలు వచ్చాయి. వాటిలో ఇండోనేషియా మీద జాషువా ఒప్పెన్‌హైమర్ తీసిన రెండు సినిమాలు, 'ది యాక్ట్ ఆఫ్ కిల్లింగ్' (2012), 'ది లుక్ ఆఫ్ సైలెన్స్' (2014), ప్రపంచమంతటా చర్చకొచ్చాయి. రెండూ ఆస్కార్ నామినేషన్ దాకా వెళ్ళాయి. దళిత ఉద్యమంలో పనిచేసేవాళ్ళు, పాఠాలు చెప్పేవాళ్ళు, చదువుకునేవాళ్ళు ఈ సినిమాల్ని ఎందుకు పట్టించుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం. పశ్చాత్తాపం లేకపోవడం ఆ మనుషుల స్వభావమా, లేక వాళ్ళ వెనకున్న అధికారానిదా అన్నది మొదటి ప్రశ్న. చంపినవాళ్ళు చెప్తేగాని లోకం ఎందుకు నమ్మలేదన్నది రెండో ప్రశ్న. మనకు ఈ రెండోదే ముఖ్యం.

1965లో ఏం జరిగింది?

1965 సెప్టెంబరు 30 రాత్రి, తెల్లవారితే అక్టోబరు 1 అనగా, జకార్తాలో కొందరు సైనికులు ఆరుగురు జనరళ్ళనీ ఒక లెఫ్టినెంట్‌నీ చంపారు. జనరల్ సుహార్తో ఆ నేరాన్ని మొత్తం ఇండోనేషియా కమ్యూనిస్టు పార్టీ మీద మోపాడు. రష్యా, చైనా పార్టీల తర్వాత ప్రపంచంలో అతిపెద్ద కమ్యూనిస్టు పార్టీ అది. సభ్యులే 30 లక్షల మంది. ఆయుధాల్లేని పార్టీ, ఎన్నికల్లో పోటీ చేసిన పార్టీ. ఆ అక్టోబరు నుంచి కొద్ది నెలల్లోనే కనీసం 5 లక్షల మందిని, కొందరి అంచనా ప్రకారం 10 లక్షల మందిని, చంపేశారు. లక్షలాది మందిని విచారణ లేకుండా జైళ్ళలో, బురు ద్వీపం లాంటి నిర్బంధ శిబిరాల్లో ఏళ్ళ తరబడి ఉంచారు.

చచ్చిపోయింది ఎవరు? పార్టీ నాయకులు కొద్దిమంది. మిగతావాళ్ళు కౌలు రైతులు, భూమిలేని కూలీలు, తోటల కార్మికులు, బడిపంతుళ్ళు, మహిళా సంఘాల సభ్యులు, చైనా సంతతి జనం. దీనికి మూలంలో భూమి ఉంది. 1960లో ఇండోనేషియాలో భూసంస్కరణల చట్టం వచ్చింది. అమలు కాలేదు. 1963 తర్వాత రైతు సంఘం తానే రంగంలోకి దిగి మిగులు భూముల్ని దున్నడం మొదలెట్టింది. తూర్పు జావాలో, బాలిలో భూస్వాములకు కంటి మీద కునుకు లేకుండాపోయింది. హిందువులు అధిక సంఖ్యాకులుగా ఉన్న బాలిలో సుమారు 80 వేల మందిని చంపారని చరిత్రకారుల అంచనా. ఆ ద్వీపం జనాభాలో అది 5 శాతం. చంపినవాళ్ళు ఒకచోట ముస్లిం యువజన సంఘం వాళ్ళు, ఇంకోచోట హిందువులు, మరోచోట రౌడీలు. మతం మారింది గాని చచ్చేవాడి స్థానం మారలేదు. ఎక్కడైనా చచ్చింది భూమి అడిగినవాడూ కూలి అడిగినవాడూ.

ఈ సినిమాలు తీసిన ఉత్తర సుమత్రా తోటల ప్రాంతం. డచ్చివాళ్ళ కాలంలో పొగాకు, రబ్బరు తోటల కోసం జావా నుంచి ఒప్పందపు కూలీలను తెచ్చి అక్కడ దింపారు. సముద్రానికి ఈవల మలయా తోటలకు మన కోస్తా జిల్లాల నుంచి కూలీలు పోయింది కూడా దాదాపు అదే కాలంలో. ఆ జావా కూలీల మనవలే యూనియన్లు పెట్టుకున్నారు. 1965లో ఆ యూనియన్లవాళ్ళనే ఏరి చంపారు.

చంపే పద్ధతి కూడా చెప్పుకోవాలి. సైన్యం జనాన్ని పట్టుకొచ్చి తాత్కాలిక జైళ్ళలో పెట్టేది. రాత్రి పూట పేర్ల జాబితా ప్రకారం లారీల్లో ఎక్కించి స్థానిక ముఠాలకు అప్పజెప్పేది. ముఠాలు నరికి నదుల్లో తోసేవి. ప్రజలకు కోపమొచ్చి తామే చంపుకున్నారని సైన్యం ఆ తర్వాత ప్రచారం చేసుకుంది. అమెరికా రాయబార కార్యాలయం కమ్యూనిస్టుల పేర్ల జాబితాలు సైన్యానికి అందించిన సంగతి 1990లో పత్రికల్లో బయటపడింది. ఈ హత్యలు జరుగుతున్నట్టు ఆ కార్యాలయానికి ఎప్పటికప్పుడు తెలుసని 2017లో బయటపెట్టిన దస్తావేజులు రుజువు చేశాయి.

చంపింది చాలక అంటు కూడా

సుహార్తో 1998 మే దాకా పాలించాడు. ఆ ముప్పై పైచిలుకు ఏళ్ళలో రెండు పనులు జరిగాయి.

మొదటిది చరిత్ర తిరగరాయడం. 1984లో ప్రభుత్వం నాలుగు గంటలకు పైగా నడిచే సినిమా ఒకటి తీయించింది. జనరళ్ళను కమ్యూనిస్టులు, వాళ్ళ ఆడవాళ్ళు చిత్రహింసలు పెట్టి చంపినట్టు అందులో చూపించారు. ఏటా సెప్టెంబరు 30న దాన్ని టీవీలో వేశారు, బడిపిల్లల్ని వరసకట్టి తీసుకెళ్ళి చూపించారు. ఆ తర్వాత చచ్చిన లక్షల మంది గురించి అందులో ఒక్క ముక్క లేదు. ఒక దేశంలో రెండు తరాల పిల్లలు హతుల్నే హంతకులుగా చూస్తూ పెరిగారు.

రెండోది వెలి. జైలు నుంచి విడుదలైనవాళ్ళ గుర్తింపు కార్డుల మీద మాజీ ఖైదీ అని తెలిపే అక్షరాలు వేశారు. వాళ్ళ పిల్లలకు, మనవలకు ప్రభుత్వోద్యోగాలు, సైన్యం, బడిపంతులు పని దక్కకుండా నిబంధనలు పెట్టారు. ఆ నిబంధనకు వాళ్ళు పెట్టుకున్న పేరుకు తెలుగులో అర్థం 'శుభ్రమైన పరిసరాలు'. ఈ మాట దగ్గర మనం ఆగాలి. చుట్టాల్లో కమ్యూనిస్టు ఎవడూ లేనివాడు శుభ్రమైనవాడు, ఉన్నవాడు మైలపడ్డవాడు. పుట్టుకతో వచ్చే మైల ఎట్లా ఉంటుందో మనకు ఎవరూ చెప్పక్కర్లేదు. కులం వేల ఏళ్ళది, ఇది నిన్న మొన్న పుట్టిన సర్కారీ ఉత్తర్వు, రెండూ ఒకటని మేం అనడం లేదు. కాని హత్యను సహజం చేయాలంటే హతుణ్ణి ముందు అశుచిని చేయాలన్న సూత్రం అక్కడా ఇక్కడా ఒక్కటే.

కెమెరా హంతకుడి వైపు ఎందుకు తిరిగింది?

చాలామంది చెప్పని విషయం ఒకటుంది. ఒప్పెన్‌హైమర్ మొదట హంతకుల కోసం వెళ్ళలేదు. 2001లో ఉత్తర సుమత్రాలో ఒక బెల్జియం కంపెనీ పామాయిల్ తోటకు కార్మికులతో కలిసి సినిమా తీయడానికి వెళ్ళాడు. అక్కడి ఆడకూలీలు రక్షణ ఏమీ లేకుండా కలుపుమందు కొట్టి కాలేయ జబ్బులతో చచ్చిపోతున్నారు. యూనియన్ పెట్టుకుందామంటే భయం. ఎందుకంటే యూనియన్‌లో ఉన్న తమ తల్లిదండ్రుల్ని, తాతల్ని 1965లో చంపారు, చంపినవాళ్ళు అదే ఊళ్ళో పెత్తనం చేస్తున్నారు. ఆ సినిమా 2003లో వచ్చింది. తర్వాత బాధితుల కథ తీయబోతే సైన్యం బెదిరించింది. అప్పుడు బాధితులే సలహా ఇచ్చారు: మా నోరు నొక్కుతారు గాని వాళ్ళ నోరు నొక్కరు, పోయి వాళ్ళనే అడుగు, వాళ్ళే చెప్తారు అని.

నిజంగానే చెప్పారు. సుమారు నలభై మంది హంతకుల్ని కలిసిన తర్వాత మెడాన్ పట్నంలో అన్వర్ కాంగో అనేవాడు ఎదురయ్యాడు. 1965కు ముందు వాడు సినిమా హాళ్ళ దగ్గర బ్లాకు టికెట్లు అమ్ముకునే రౌడీ. హాలీవుడ్ సినిమాలు బహిష్కరించాలని కమ్యూనిస్టులు పట్టుబట్టడంతో వాడి రాబడికి గండిపడింది. ఆ కసిని సైన్యం వాడుకుంది. నెత్తురు ఎక్కువ కారకుండా మెడకు తీగ బిగించి ఎట్లా చంపేవాడో ఒక మేడ మీద నిలబడి వాడు చూపిస్తాడు, ఆ తర్వాత అక్కడే చా-చా నృత్యం చేస్తాడు. మీ హత్యల్ని మీకు నచ్చిన పద్ధతిలో సినిమాగా తీసి చూపించండని దర్శకుడు వాళ్ళకు అవకాశమిచ్చాడు. వాళ్ళు గ్యాంగ్‌స్టర్ సినిమాలాగా, కౌబాయ్ సినిమాలాగా, పాటల సినిమాలాగా తీసుకున్నారు.

ఆ క్రమంలో బయటపడిందంతా వ్యక్తుల కథ కాదు, ఒక పాలనా వ్యవస్థ కథ. పంచశీల యువజన సంఘం అనే అర్ధసైనిక ముఠా సభలో దేశ ఉపాధ్యక్షుడు ముఠా చొక్కా వేసుకుని మాట్లాడతాడు. ప్రభుత్వ టీవీలో యాంకరమ్మ నవ్వుతూ హంతకుల్ని పరిచయం చేస్తుంది, ప్రేక్షకులు చప్పట్లు కొడతారు. అన్వర్ పాత స్నేహితుడు ఆది జుల్కాద్రిని యుద్ధ నేరాల గురించి అడిగితే, అవి ఏవో నిర్ణయించేది గెలిచినవాళ్ళు, మేం గెలిచినవాళ్ళం అని జవాబిస్తాడు. మన మొదటి ప్రశ్నకు జవాబు ఇందులోనే దొరుకుతుంది. పశ్చాత్తాపం అనేది గుండెలో దానంతటది పుట్టదు. చేసింది తప్పని ఊరు, కోర్టు, బడి, పత్రిక చెప్పే చోట పుడుతుంది. అవన్నీ భేష్ అంటుంటే వాడికి సిగ్గెందుకు? వాడి ధైర్యం వాడిది కాదు, రాజ్యం ఇచ్చిన అభయం.

గొప్పలు చెప్పుకోవడానికి ఇంకో ఉపయోగం కూడా ఉంది. హంతకుడు తన ఘనకార్యం టీకొట్టు దగ్గర చెప్పిన ప్రతిసారీ అది తోట కూలీ చెవినపడుతుంది, మళ్ళీ యూనియన్ పెడితే ఏమవుతుందో వాడికి గుర్తు చేస్తుంది. అంటే ఆ కబుర్లు జరిగిపోయిన హత్య తాలూకు జ్ఞాపకం కాదు. ఆ హత్య ఇంకా చేస్తున్న పని.

అభ్యంతరాలు

ఈ సినిమా మీద వచ్చిన అభ్యంతరాల్ని కొట్టిపారేయలేం. రెండున్నర గంటలపాటు హంతకుడి మొహమే చూస్తాం, వాడి పీడకలలే వింటాం. చచ్చినవాళ్ళ పేర్లు తెలియవు. 1965 చరిత్ర ఏమీ తెలియని ప్రేక్షకుడికి సైన్యం, భూమి, అమెరికా పాత్ర కనపడవు, కొందరు వింత రౌడీల క్రూరత్వమే మిగుల్తుంది. చివర్లో అన్వర్ అదే మేడ మీదికి వచ్చి డోకుకుంటాడు. అది పశ్చాత్తాపమా, నటనా అని విమర్శకులు పేజీలకు పేజీలు రాశారు. మా దృష్టిలో ఆ చర్చ అంత అవసరమైంది కాదు. వాడు 2019లో చచ్చిపోయాడు, ఒక్కరోజు కూడా బోనెక్కకుండా. పశ్చాత్తాపం వాడి సొంత వ్యవహారం. చనిపోయినవాళ్ళ కుటుంబాలకు రావలసిన న్యాయం దాని మీద ఆధారపడకూడదు.

అయినా ఆ సినిమా ఇండోనేషియాలో చేసిన పనిని కాదనలేం. రహస్యంగా, చిన్న చిన్న ప్రదర్శనలుగా దేశమంతా తిరిగింది. 2012లో 'టెంపో' పత్రిక హంతకుల మీద ప్రత్యేక సంచిక వేసింది. సినిమా చివర్లో పనిచేసినవాళ్ళ జాబితాలో పదుల సంఖ్యలో 'అజ్ఞాతవ్యక్తి' అనే ఉంటుంది. సహదర్శకుల్లో ఒకరు కూడా అజ్ఞాతమే. 1965 హతుల గురించి మాట్లాడటం ఇంకా ఎంత ప్రమాదమో ఆ జాబితానే చెప్తుంది.

అద్దాల డాక్టరు

రెండో సినిమాలో కెమెరా బాధితుడి పక్కన కూర్చుంది. ఆది రుకున్ కళ్ళజోళ్ళ పని చేసేవాడు. అతని అన్న రామ్లిని 1965లో చంపారు. పొడిస్తే తప్పించుకుని ఇంటికొచ్చిన రామ్లిని ఆసుపత్రికి తీసుకెళ్తామని తల్లికి చెప్పి మళ్ళీ తీసుకెళ్ళి నది ఒడ్డున చంపేశారు. ఆ తర్వాత మూడేళ్ళకు ఆది పుట్టాడు. ఆ హంతకులకే కళ్ళు పరీక్షిస్తూ, అద్దాలు మార్చుతూ, మెల్లగా అడుగుతాడు: మీరు ఏం చేశారు?

మొదటి సినిమాలో నోరు మూతపడని హంతకులు ఇక్కడ తడబడతారు. ఎందుకంటే అడుగుతున్నవాడు విదేశీయుడు కాదు, చచ్చినవాడి తమ్ముడు. ఒకడు కోప్పడతాడు, ఒకడు నీది ఏ ఊరని ఆరా తీస్తాడు. శాసనసభ పదవిలో ఉన్న ఒక పెద్దమనిషి, గతాన్ని తవ్వితే అదే మళ్ళీ జరుగుతుందని నవ్వుతూ అంటాడు. ఒక హంతకుడి కూతురు మాత్రం తండ్రి నెత్తురు తాగిన సంగతి విని నిర్ఘాంతపోయి క్షమించమని అడుగుతుంది. ఆది చిన్నకొడుకు చదివే బడిలో పంతులు కమ్యూనిస్టుల క్రూరత్వం గురించి పాఠం చెప్తాడు. ఇంటికొచ్చిన కొడుక్కి అది అబద్ధమని ఆది నచ్చజెప్పాలి. పంతుళ్ళుగా ఉన్న మన పాఠకులు ఈ తరగతి గది దృశ్యం ఒక్కటి చూసినా చాలు. సినిమా తర్వాత ఆ కుటుంబం సొంత ఊరు వదిలి దూరప్రాంతానికి పోవలసివచ్చింది. హంతకులెవరూ ఊరు వదల్లేదు.

కంబోడియాలోనూ ఈ తేడాయే కనపడుతుంది. రితీ పన్ 2003లో తీసిన 'ఎస్-21'లో, వేలమందిని చిత్రహింసలు పెట్టి చావుకు పంపిన టూల్ స్లెంగ్ జైలు కాపలాదార్లను బతికి బయటపడ్డ చిత్రకారుడు వాన్ నాథ్ నిలబెట్టి అడుగుతాడు. 'ఎనిమీస్ ఆఫ్ ది పీపుల్' (2009)లో తల్లిదండ్రుల్ని, అన్నను పోగొట్టుకున్న విలేఖరి థెట్ సంబాత్ తన సంగతి దాచి, ఏళ్ళ తరబడి పోల్ పాట్ కుడిభుజం నువాన్ చియా ఇంటికి తిరిగి నిజం రాబడతాడు. ఈ ముగ్గురూ బాధిత కుటుంబాలవాళ్ళు. తేడా ఏమంటే కంబోడియాలో ఆ పాలన కూలిపోయింది, ఆలస్యంగానైనా కోర్టు కూర్చుంది, నువాన్ చియాకు యావజ్జీవ శిక్ష పడింది. ఇండోనేషియాలో గెలిచినవాళ్ళు గెలిచినట్టే ఉన్నారు. 2012లో ఆ దేశ మానవహక్కుల కమిషన్ ఇది మానవాళిపై నేరమని నివేదిక ఇస్తే అటార్నీ జనరల్ తిప్పిపంపాడు. 2023 జనవరిలో అధ్యక్షుడు జోకో విడోడో విచారం వెలిబుచ్చాడు. 2025 నవంబరు 10న ప్రబోవో ప్రభుత్వం సుహార్తోను జాతీయ వీరుడిగా ప్రకటించింది. 1965 హత్యల్లో సైనిక దళాన్ని నడిపిన సార్వో ఎధీకి కూడా అదే రోజు అదే బిరుదు. సుహార్తో కాలంలో, 1993లో, హత్యకు గురైన కార్మికురాలు మార్సినా పేరు కూడా అదే జాబితాలో చేర్చారు. హతురాలినీ ఆమెను చంపిన పాలననూ ఒకే వేదిక మీద సన్మానిస్తే ఇక నేరం ఎవరిది?

ఇక్కడి కెమెరాలు

ఇప్పుడు రెండో ప్రశ్న. బిహార్‌లో భూమిహార్ భూస్వాముల ప్రైవేటు సైన్యం రణవీర్ సేన 1996 జులైలో బథానీ టోలాలో 21 మందిని, 1997 డిసెంబరు 1 రాత్రి సోన్ నది ఒడ్డున లక్ష్మణ్‌పూర్ బాథేలో 58 మంది దళితుల్ని చంపింది. ఎక్కువమంది ఆడవాళ్ళు, పిల్లలు. బతికినవాళ్ళు కోర్టుకెళ్ళి పేర్లు చెప్పారు, మనుషుల్ని చూపించారు. కింది కోర్టులు 2010లో ఉరిశిక్షలు, యావజ్జీవ శిక్షలు వేశాయి. పాట్నా హైకోర్టు 2012లో బథానీ టోలా కేసులో 23 మందిని, 2013లో బాథే కేసులో 26 మందిని విడుదల చేసింది. సాక్షుల్ని నమ్మలేమంది. సేనకు రాజకీయ నాయకులతో ఉన్న సంబంధాల్ని విచారించడానికి వేసిన అమీర్ దాస్ కమిషన్‌ను 2006లోనే మూసేశారు.

2015 ఆగస్టులో కోబ్రాపోస్ట్ విలేఖరి సినిమా తీస్తున్నానని చెప్పి రణవీర్ సేన మనుషుల్ని కలిశాడు. రహస్య కెమెరా ముందు వాళ్ళు తాము చేసిన హత్యల్ని, ఆయుధాలు ఎట్లా వచ్చాయో, ఏ పెద్దలు అండగా నిలిచారో గొప్పగా చెప్పుకున్నారు. మెడాన్‌లో అన్వర్ కాంగో మాట్లాడిన భాషే భోజ్‌పూర్‌లోనూ వినపడింది. పత్రికలు రెండురోజులు రాశాయి. ఆ తర్వాత మర్చిపోయాయి.

టేపు కోర్టులో పనికిరాదని అనడానికి వీల్లేదు. గుజరాత్‌లో 97 మందిని చంపిన నరోదా పాటియా కేసులో, తెహెల్కా 2007లో తీసిన రహస్య టేపుల్ని సీబీఐ చేత పరీక్ష చేయించి, 2012లో ప్రత్యేక కోర్టు ఒక సాక్ష్యంగా తీసుకుంది. రాజ్యానికి ఇష్టమైతే దారి ఉంది.

మన చుండూరు సంగతి ఇక్కడ గుర్తు చేసుకోవాలి. 1991 ఆగస్టు 6న 8 మంది దళితుల్ని వెంటాడి చంపి, గోనెసంచుల్లో కుక్కి కాలవలో పడేశారు. పోరాడి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టించుకున్నారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవం, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు అందర్నీ విడుదల చేసింది. సాక్ష్యం చెప్పడానికి పదహారేళ్ళు కాచుకున్నవాళ్ళ మాట చెల్లలేదు.

ఈ మూడు ఊళ్ళనీ మెడాన్‌నీ పక్కపక్కన పెట్టి చూస్తే మాకు ఒకటి కనపడుతోంది. సాక్ష్యానికి కూడా కులముంది, వర్గముంది. తోట కూలీలు నలభై ఏళ్ళు చెప్పుకున్నా వినని లోకం, చంపినోడు నృత్యం చేస్తూ చెప్తే విని అవార్డులిచ్చింది. బాథే ఆడవాళ్ళు కళ్ళారా చూశామంటే నమ్మలేమన్నారు, చంపినోళ్ళు మేమే చంపామంటే వినలేదు. అంటే ఇక్కడ హంతకుడి ఒప్పుకోలు కూడా బాధితుడి పక్షాన చెల్లదు.

మనం ఏం చేయాలి?

హంతకుల మీద తీసిన సినిమాలు అవసరమే. అవి అభయమిచ్చే రాజ్యాన్ని బట్టబయలు చేస్తాయి. కాని మన పని అక్కడ మొదలు కాకూడదు. ఆనంద్ పట్వర్ధన్ 1997 ముంబయి రమాబాయి నగర్ కాల్పుల తర్వాత 14 ఏళ్ళు ఆ వాడల్లో తిరిగి 'జై భీమ్ కామ్రేడ్' (2011) తీశాడు. ఆ ఓపిక మనకు కావాలి. కారంచేడు, చుండూరు, లక్షింపేట బాధితుల మాటల్ని, కోర్టులో చెప్పినవీ చెప్పనివీ, వాళ్ళ గొంతుతో వాళ్ళ భాషలో రికార్డు చేసి పెట్టాలి. 1985లో పాతికేళ్ళ వయసున్నవాళ్ళు ఇప్పుడు అరవై దాటారు. నిజనిర్ధారణ కమిటీల నివేదికలు, ఎఫ్ఐఆర్లు, తీర్పుల నకళ్ళు ఒక్కచోటికి చేర్చాలి. ఊళ్ళో గొప్పలు చెప్పుకునేవాడి మాటలు వింటే తేదీ, చోటు, విన్నవాళ్ళ పేర్లతో రాసి లాయరుకు అందించాలి. మాట్లాడినవాళ్ళకు రక్షణ ఏమిటన్నది కెమెరా తియ్యకముందే ఆలోచించాలి, ఆది రుకున్ కుటుంబం లాగా వాళ్ళు ఊరు వదలాల్సిన గతి పట్టకూడదు. విద్యార్థులు సెలవుల్లో ఈ పనికి పూనుకుంటే, పంతుళ్ళు వాళ్ళ వెనక నిలబడితే, ఒక్కో ఊరికి నెల రోజులు చాలు.